ఎక్కాలు చెబితేనే పాలిచ్చే గేదె

ఈమధ్య నన్ను బడులకు పిలుస్తున్నారు. పిల్లల కథలు రాస్తానని తెలిసి పిలిచి, మెడలో దండ వేసి, చేతికి మైకిస్తారు. ఎక్కడికి వెళ్ళినా అదే ప్రశ్న. "విలేకరిగా ఉన్న మీరు బాలసాహిత్యంలోకి ఎలా వచ్చారు సార్?" నేను గొంతు సవరించుకొని, "పసిమనసుల మీద మమకారంతో..." అని మొదలుపెడతాను. టీచర్లు తలలూపుతారు. మీరు మాత్రం ఆ మాట నమ్మకండి. నన్ను ఈ దారిలోకి తెచ్చింది పసిమనసులు కాదు, ఒక గేదె. అదైనా మర్యాదగా తేలేదు, తన్ని తెచ్చింది. ఆ ఒక్క తన్నుతో మా వీధిలో కుదిరిన బేరం చెడింది, ఏళ్ళ తరబడి నేను సంపాదించుకున్న పరువు పాలతో సహా పేడలో కలిసింది. జరిగినదంతా చెబుతాను. తనివితీరా నవ్వుకోండి, కానీ మా ఊరొస్తే నాగేంద్రమ్మత్త ఎదురుగా మాత్రం నవ్వకండి.

అప్పట్లో నేను నూజెండ్ల మండలానికి ఒక దినపత్రిక విలేకరిని. జనం అనుకునేంత గొప్ప ఉద్యోగమేమీ కాదు. కరెంటు పోతే నాకే ఫోను, బోరు చెడితే నాకే ఫోను, మిరప తోటకు తెగులొస్తే వ్యవసాయాధికారికంటే ముందు నాకే ఫోను. నేను రాసిన వార్తల్ని గుంటూరు డెస్కులో మూర్తిగారనే పెద్దాయన దిద్దేవారు. ఆయనకు ఒకటే సూత్రం. "కోటేశ్వరరావూ, పేరు, ఇంటిపేరు, ఊరు లేని వార్త నాకు పంపకు. ఫొటో లేకుండా అసలు పంపకు."

ఆ సూత్రం విలువ నాకు తొలి నెలలోనే తెలిసింది. ఒక రైతు కందివామి తగలబడితే ఇంటిపేరు మరిచి 'వెంకటేశ్వర్లు అనే రైతు' అని రాసి పంపాను. మర్నాడు మండలంలో వెంకటేశ్వర్లు పేరున్న ప్రతి రైతు ఇంటికీ బంధువులు పరామర్శకు దిగారు. ఒకాయన ఇంటికైతే వియ్యాలవారు బండి కట్టించుకొని మరీ వచ్చారు. వాళ్ళకు కోడి కోసి పెట్టిన కోపం ఆయన నా మీద ఇప్పటికీ తీర్చుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత ఇంటిపేరూ ఊరూ లేకుండా కలలో కూడా ఎవరినీ తలచుకోలేదు.

ఇలా ఉండగా, రెండో తరగతి చదువుతున్న మా చిన్ని ఒక రోజు అన్నం ముందు కూర్చుని కథ చెప్పమంది.

"అడవిలో సోమవారం ఉదయం చోటుచేసుకున్న ఘటనలో ఒక ఏనుగు గోతిలో పడగా, కోతులు సకాలంలో స్పందించి కాపాడాయి. ప్రాణనష్టమేమీ జరగలేదు" అన్నాను.

చిన్ని ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా వంక చూసింది. "తర్వాత?"

"తర్వాతేముంది? అయిపోయింది."

"నేనింకా ఊఁ కూడా కొట్టలేదు నాన్నా!"

మా ఆవిడ సుజాత కూర వడ్డిస్తూ, "ఏనుగు బతికిందని మొదట్లోనే చెప్పేస్తే పిల్ల ఊఁ ఎప్పుడు కొట్టుద్దండీ? మీకు కరెంటు కోతల గురించి రాయటమే బాగుంటది. కథలు చెప్పటానికి మా నాన్నున్నాడుగా" అంది.

మామగారితో పోటీ అనేసరికి నాకు పౌరుషం వచ్చింది. అదే వారం ఒక కథ రాసి మా పత్రిక ఆదివారం పిల్లల పేజీకి పంపాను. ఆ పేజీ చూసే మేడం హైదరాబాదులో ఉంటారు. ఆమె నుంచి ఫోనొచ్చింది.

"కోటేశ్వరరావు గారూ, కథలో కుందేలు క్యారెట్లు పోయాయి. నక్క మీద అనుమానం. అంతవరకూ బాగానే ఉంది. మధ్యలో ఈ వాక్యం ఏంటండీ? 'ఈ విషయమై వివరణ కోరేందుకు ప్రయత్నించగా నక్క అందుబాటులోకి రాలేదు' అని ఉంది."

"అవతలి పక్షం మాట కూడా ఉండాలిగా మేడం. లేకపోతే రేపు నక్క..."

"నక్క పేపరు చదవదండీ!"

ఆమె కాసేపు నవ్వి, నవ్వటం అయ్యాక జాలిపడి, "అడవి మీకు తెలియదు, వదిలేయండి. మీ చుట్టుపక్కల రోజూ చూసే జంతువు గురించి రాయండి. కాస్త చిత్రమైన గుణం పెట్టండి. పిల్లలకు అదే ఇష్టం" అంది.

నేను రోజూ చూసే జంతువు పక్కింటి రాణి. నాగేంద్రమ్మత్త గేదె అది. అత్తంటే చుట్టరికమేమీ లేదు, వీధి వరస. మా రెండిళ్ళకూ మధ్య పిట్టగోడ మాత్రమే అడ్డం. అత్తకు ఆ ఏడాది మోకాళ్ళు పట్టేశాయి. వాగు గట్టు నుంచి గడ్డిమోపు ఎత్తుకు రాలేకపోతోంది. ఎండలు ముదిరితే దాన్ని మేపటం తన వల్ల కాదని, చిక్కి శల్యమైపోకముందే మంచివాళ్ళ చేతిలో పెట్టాలని ఆమె ఆరాటం. వచ్చిన బేరాలన్నీ తిరగ్గొట్టింది. ఒకడి మొహం బాగాలేదంది, ఒకడు దాన్ని కర్రతో అదిలించాడంది. చివరికి అచ్చంపేట దగ్గర్నుంచి సాంబయ్య అనే రైతు వచ్చి, రాణి గంగడోలు నిమిరి, "ఏమ్మా, మా ఇంటికొస్తావా?" అని అడిగాడట. అత్తకు కళ్ళనీళ్ళొచ్చాయి. బేరం కుదిరింది.

మా వైపు గేదెను కొనేవాళ్ళు సుడులూ పళ్ళూ చూడటంతో సరిపెట్టరు. కొనేవాడు తన చేత్తో సాయంత్రం పాలూ మర్నాడు పొద్దుటి పాలూ పిండి చూసుకోవాలి. రెండు పూటలా సరిపోతేనే తాడు చేతులు మారుతుంది. ఆ శనివారం సాయంత్రమూ ఆదివారం పొద్దునా చూసుకుంటానని సాంబయ్య మాట చెప్పి వెళ్ళాడు. ఇదంతా పిట్టగోడ ఇవతల నించొని నేను చెవులారా విన్నాను. విని కూడా నా బుర్ర వెలగలేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఎందుకంటే ఆ బుర్ర నిండా కథ ఉంది. రాణికి ఒక గుణం పెట్టాను. ఎవరు పాలు పిండటానికి కూర్చున్నా ఎక్కం ఒప్పజెప్పాలి. సరిగ్గా చెబితే బకెట్ నిండా పాలు. తప్పు చెబితే ఒకే తన్ను, బకెట్ గాల్లో! ఊళ్ళో పెద్దలంతా ఎక్కాలు రాక తన్నులు తింటుంటే, చివరికి ఒక చిన్నపిల్ల వచ్చి గడగడా అప్పజెప్పి పాలు పిండుతుంది. ఈసారి పిల్ల పాలు పిండే సంగతి చివర్లోనే పెట్టాను. చదివి వినిపిస్తే చిన్ని ఊఁ కొట్టి ఊఁ కొట్టి ఎగిరి గంతేసింది. ఆ ఊపులో కథను ఇలా మొదలుపెట్టాను: 'నూజెండ్ల మండలంలోని మా ఊరికి చెందిన గుర్రం నాగేంద్రమ్మకు రాణి అనే గేదె ఉంది.' 'మా ఊరు' అన్నచోట అసలు ఊరి పేరే రాశాను, అది మీకు చెప్పే ధైర్యం ఇప్పుడు లేదు. మూర్తిగారి సూత్రం ప్రకారం ఫొటో ఉండాలి కాబట్టి రాణి ఫొటో ఒకటి తీసి జత చేశాను. రాణి బుద్ధిగా నిలబడి కెమెరాలోకి చూసింది.

మేడం మురిసిపోయింది. "గుర్రం నాగేంద్రమ్మ గారి గేదె! పేరెంత బాగా కల్పించారండీ! ఈ ఆదివారమే వేస్తున్నా."

కల్పించలేదని చెబుదామనుకున్నాను. కానీ పొగడ్త చెవిలో పడుతున్నప్పుడు అడ్డు తగలటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు.

శనివారం సాయంత్రం సాంబయ్య వచ్చి పాలు పిండాడు. రాణి చుక్క తగ్గకుండా ఇచ్చింది. రాత్రికి ఆయన ఊళ్ళోనే ఎవరో చుట్టాలింట్లో పడుకుని, ఆదివారం పొద్దున్నే టీ తాగటానికి బడ్డీకొట్టు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఎవరో పేపరు పైకి చదువుతున్నారు. అందులో రాణి ఉంది.

నేను అప్పటికే నాలుగు కాపీలు కొని, ఒకటి అత్తకు చూపించి ఆశ్చర్యపరుద్దామని గోడ దగ్గరికి వెళ్ళాను. అత్త పాక ముందు వీధి వీధంతా పోగై ఉంది. నా కథ చదివి అభినందించటానికి వచ్చారనుకొని చొక్కా సర్దుకున్నాను. మధ్యలో సాంబయ్య ఖాళీ బకెట్ పట్టుకొని నిలబడి ఉన్నాడు. చంకలో పేపరు.

"అబ్బాయా, రాసింది నువ్వేనంటగా? దీనికి ఏ ఎక్కం చెప్పాల? నాకు ఏడో ఎక్కం దాకానే వచ్చు" అన్నాడు.

"అయ్యో, అది కథ బాబాయ్!"

"కథంటే?"

"కల్పించి రాసింది."

"అంటే అబద్ధమా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇంత జనంలో నేను అబద్ధం రాశానని నా నోటితోనే ఒప్పుకుంటే రేపటి నుంచి నా వార్తల్ని ఎవడు నమ్ముతాడు? "అబద్ధమని కాదు..." అన్నాను.

"మరి నిజమేగా!"

"నిజమని కూడా కాదు బాబాయ్."

"ఏందయ్యా నీ వరస! పోయినేడు మా బావమరిది ఊళ్ళో బోరు చెడిందని పేపర్లో నీ పేరు మీదే పడింది. పడిన మర్నాడే ఆఫీసరొచ్చి బాగుచేశాడు. అది నిజమై, ఇదెట్టా అబద్ధమైద్ది? పేరు రాశావ్, ఇంటిపేరు రాశావ్, పైన బర్రె ఫొటో కూడా యేశావ్!"

నా కలానికి అంత విలువుందని ఆ రోజే తెలిసింది. గర్వపడటానికి వీలు లేకుండా తెలిసింది.

నాగేంద్రమ్మత్త విసుగ్గా, "ఆడి మాటలకేం గానీ, నిన్న పిండావుగా సాంబయ్యన్నా, అట్టాగే పిండు. నా రాణి బంగారం" అంది.

సాంబయ్య కూర్చున్నాడు. కానీ నిన్నటి సాంబయ్య కాదు. నిన్న చేతులు మెత్తగా ఉన్నాయి, ఇవాళ కట్టెల్లా బిగుసుకున్నాయి. చన్నీళ్ళతో చేతులు కడుక్కొని, భయంతో బిగించి లాగుతూ, పెదాల మధ్య సన్నగా మొదలుపెట్టాడు. "ఏడొకట్లు ఏడు... ఏడు రెళ్ళు పద్నాలుగు..." పాల ధార బకెట్లో చుయ్‌మంటోంది. ఏడారులు నలభై రెండు దాకా ఏ గొడవా లేదు. నేను మనసులో వేల మొక్కులు మొక్కుకుంటున్నాను.

"ఏడేడ్లు..." సాంబయ్య ఆగాడు. చెమట తుడుచుకొని, మళ్ళీ పట్టుకొని, గట్టిగా ఒక్క లాగు లాగుతూ, "యాభై!" అన్నాడు.

రాణి తన్నింది. బకెట్ గాల్లోకి లేచింది. కథలో నేను ఎంత ఎత్తు రాశానో అంతకంటే రవ్వంత ఎక్కువే లేచిందని చెప్పాలి. పాలన్నీ సాంబయ్య పంచె మీదా, మిగిలినవి పేడ మీదా పడ్డాయి.

"నలభై తొమ్మిది!" అని వీధంతా ఒక్కసారిగా అరిచింది.

చన్నీళ్ళ చేతులతో అలా లాగితే ఏ గేదైనా తంతుంది. ఈ చిన్న సంగతి అక్కడున్న పెద్దలందరికీ తెలుసు. అందరి ఇళ్ళలోనూ గొడ్లున్నాయి. అయినా పేపర్లో పడ్డాక ఎవరికీ గుర్తు రాలేదు.

సాంబయ్య లేచి పంచె పిండుకుంటూ, "అచ్చు పేపర్లో పడ్డట్టే! అమ్మా, నాకు ఎనిమిదో ఎక్కం రాదు, మా ఇంటిదానికి ఒకటో ఎక్కం కూడా రాదు. చదువుకున్నోళ్ళకిచ్చుకో" అని దండం పెట్టి బస్సెక్కాడు.

అప్పుడు అత్త నా వైపు తిరిగింది. పిట్టగోడ ఎంత పొట్టిదో ఆ రోజే గమనించాను.

"ఒరేయ్ కోటిగా! నా బర్రెకి ఎక్కాలొచ్చని నీకెవరు చెప్పార్రా?"

"కథత్తా..."

"కథైతే నా పేరెందుకు రాశావ్?"

"పేరు లేకపోతే డెస్కులో ఊరుకోరత్తా."

"ఇంటిపేరు రాశావ్, ఊరు రాశావ్. ఇంటి నంబరొక్కటే తక్కువ, అది కూడా రాయకపొయ్యావా?" అంటూ అరుగు మీద కూలబడి, మోకాలు పట్టుకొని కళ్ళు తుడుచుకుంది. "మంచి చెయ్యి దొరికిందనుకున్నా. నేనా వాగు కాడికి పోలేను. ఇప్పుడు దానికి గడ్డెవడు తెస్తాడ్రా?"

అప్పటిదాకా నాకు కొంచెం నవ్వు కూడా వస్తోంది. ఆమె కళ్ళు తుడుచుకోవటం చూశాక ఆగిపోయింది. నిజంగా సిగ్గేసింది. గుండెల మీద చెయ్యి వేసుకొని, జనమంతా వినేలా, "రాణి అమ్ముడుపోయేదాకా గడ్డి నేను తెస్తానత్తా" అన్నాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ముందు మూర్తిగారికి ఫోను చేశాను. "సార్, ఆ గేదెకు ఎక్కాలు రావని రేపు ఒక సవరణ వేయాలి."

"ఖండన ఎవరిచ్చారు? గేదా?"

"సార్..."

"సంతకం లేకుండా ఖండన వేయను కోటేశ్వరరావూ" అని పెట్టేశారు.

తర్వాత మేడంకు చేశాను. ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. "పిల్లలు ఒకటే ఫోన్లండీ! రాణి మీద ఇంకో కథ కావాలట. కథకు సవరణ ఎవరూ వేయరుగానీ, రాణి మారిపోయినట్టు రెండో కథ రాసేయండి."

ఇదేదో బాగుందని రాశాను. అందులో రాణికి బుద్ధొచ్చింది. ఎక్కం తప్పినా, అసలు ఎక్కమే చెప్పకపోయినా ఎవరికైనా ఇట్టే పాలిచ్చేస్తుంది. అది పడిన వారానికి విజయపురి సౌత్ నుంచి కాలవల ఆఫీసులో పనిచేసే ఒకాయన బేరానికి వచ్చాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన రాణిని చుట్టూ తిరిగి చూసి, "అంతా బాగుందిగానీ, ఎవరు కూర్చున్నా పాలిచ్చేస్తుందని పేపర్లో పడిందిగా. మేము క్వార్టర్సులో ఉంటాం. దారిన పోయేవాడు వచ్చి పిండుకుపోతే?" అన్నాడు. వెళ్ళిపోయాడు.

మూడో కథలో రాణి దొంగల్ని పసిగట్టి తరిమింది. దాంతో నరసరావుపేట నుంచి వచ్చినాయన, "కొత్త మనుషులు కనపడితే కుమ్ముద్దంటగా? మాది కిరాణాకొట్టు, రోజూ కొత్త మనుషులే" అన్నాడు. నాలుగో కథలో కొత్త మనుషులతో స్నేహం చేయించాను. అలా ఒక సవరణకు ఇంకో సవరణ రాసుకుంటూ పోగా, ఒక రోజు మేడం ఫోను చేసి, "ఇవన్నీ కలిపి పుస్తకం వేద్దామండీ" అంది. నా బాలసాహిత్య ప్రస్థానం మొత్తం ఇదే. ఒక్క గేదెను అమ్మబోయి ఒక పుస్తకానికి రచయితనయ్యాను. పుస్తకాన్ని పాఠకులు రాయిస్తారనుకుంటారు. నాచేత రాయించింది కొనేవాళ్ళ అనుమానాలు మాత్రమే.

ఈ కథలన్నీ రాస్తున్నంతకాలం నేను తెల్లారగట్లే లేచి వాగు గట్టు మీద గడ్డి కోస్తున్నాను. మొదటి మోపు నేనెత్తుకున్న తీరు చూసి గట్టు మీద గొర్రెల కాపరి తల తిప్పుకున్నాడు. ఊరి జనం మాత్రం ఊరుకోలేదు. "ఏందయ్యా విలేకరీ, గడ్డి మీద వార్తా?" అనేవారు. సుజాత రోజూ నా చొక్కాకు అంటుకున్న గడ్డిపరకలు దులుపుతూ, "మా నాన్న ఇన్ని కథలు చెప్పినా ఏనాడూ గడ్డి కోయలేదండీ" అనేది.

పుస్తకం వచ్చాక బడిపిల్లలు రాణిని చూడటానికి వరసకట్టారు. దాని ముందు నిలబడి ఎక్కాలు అప్పజెప్పటం ఒక ఆటైంది. తప్పు చెప్పినవాడు రాణి ఎక్కడ తంతుందోనని వెనక్కి గెంతేవాడు. అది తాపీగా నెమరేసేది. అత్త అరుగు మీద కూర్చుని, "ఏడేడ్లు ఎంతరా?" అని గట్టిగా అడిగేది. ఆ ఒక్క లెక్క ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేకుండా వచ్చేసింది.

సరిగ్గా అప్పుడు సాంబయ్య మళ్ళీ వచ్చాడు. మనవరాలి చేత పుస్తకమంతా చదివించుకున్నాడట. "అమ్మా, ఇది కథని మా పిల్ల చెప్పింది. తప్పు నాదే. చన్నీళ్ళ చేతులు పెట్టా. బర్రెనియ్యి" అన్నాడు. సాయంత్రం పాలు చూసుకున్నాడు, పొద్దుటి పాలు చూసుకున్నాడు. రాణి కదల్లేదు. నేను గోడ ఇవతల నించొని కొడవలిని శాశ్వతంగా చూరులో దోపేశాను. ఆ క్షణంలో నాకంటే సుఖమైన మనిషి పల్నాడు మొత్తమ్మీద లేడు.

నాగేంద్రమ్మత్త తాడు విప్పింది. సాంబయ్య చెయ్యి చాచాడు. ఆమె ఒకసారి రాణి మొహం చూసి, ఒకసారి అరుగు మీదున్న పుస్తకం చూసి, తాడు మళ్ళీ గుంజకు కట్టేసింది.

"పొస్తకంలో బొమ్మ పడ్డ బర్రెని అమ్ముకుంటారాన్నా? పిలకాయలొచ్చి అడిగితే ఏం చెప్పను? అమ్మనులే."

గోడ మీదుగా వంగి అరిచాను. "అత్తా! మరి గడ్డో?"

ఆమె చాలా శాంతంగా నా వంక చూసింది. "అమ్ముడుపొయ్యేదాకా తెస్తానని ఇంతమందిలో నువ్వే అన్నావుగా అబ్బాయా. అది కూడా కథేనా?"

బేరం చూడటానికి చేరిన జనమంతా నా నోటి వంక చూశారు. కథని అనలేను. ఆ మాట నిజంగా అన్నాను, నాకు సాక్షులున్నారు, వాళ్ళ పేర్లూ ఇంటిపేర్లూ ఊరూ కూడా నాకు తెలుసు.

అందుకని పాఠకులారా, ఇవాళ తెల్లారగట్ల వాగుకు బయల్దేరుతూ, మీ అందరి సాక్షిగా ఒట్టు పెట్టుకుంటున్నాను. ఇకమీదట నా కథల్లో ఏ జీవికీ యజమాని ఉండడు, ఇంటిపేరుండదు, మండలం ఉండదు. అసలు మేత మేసే జీవి జోలికే పోను. ఇది నిజం, ఇది నిజం, అంటూ చెయ్యి పైకెత్తాను. ఆ చేతిలో కొడవలి ఉంది.

గోడ అవతల నుంచి నాగేంద్రమ్మత్త తొంగి చూసింది.

"ఒట్లు తర్వాత పెట్టుకుందువులే. ఎండెక్కకముందే పొయ్యి గడ్డి కోసుకురా. ఇయ్యాల బడిపిలకాయలొస్తన్నారు, రాణి కడుపు నిండుగా కనపడాల."